ఇంటి బయటి గోడకు ఫైబర్ సిమెంట్ ప్లాంక్‌లు: ఫ్రేమ్ నుంచి పెయింట్ దాకా

ఎలివేషన్‌కి ఫైబర్ సిమెంట్ ప్లాంక్‌లు (సిమెంటులో నార కలిపి చేసిన పొడవాటి పలకలు) వేయించుకున్నాక వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. రెండో వానాకాలానికే లోపలి గోడ చెమ్మ పట్టింది. స్క్రూల కింద తుప్పు చారలు కారాయి. జాయింట్లు నోళ్లు తెరిచాయి. వీటిలో ప్లాంక్ తప్పు చాలా అరుదు. దాని వెనకాల ఏం చేశారు, ఏ వరసలో చేశారు అన్నదే అసలు సంగతి.

మొదటే ఒక మాట చెప్పుకోవాలి. క్లాడింగ్, అంటే గోడకు ఇలా పైన తొడిగే కవచం, వాటర్‌ప్రూఫింగ్ కాదు. గాలివానకు జాయింట్ల సందుల్లోంచి కొంత నీరు వెనక్కి వెళ్తుంది. ఆ నీరు గోడకు పట్టకుండా కిందికి జారి బయటికి పోవాలి, మిగిలిన తడి గాలికి ఆరాలి. కింద చెప్పే పనుల్లో సగం దీనికోసమే.

ఇటుక లేదా బ్లాకు గోడ, దాని మీద జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) ఫ్రేమ్, ఫ్రేమ్ మీద అడ్డంగా ఒకదానిపై ఒకటి ఎక్కించే ప్లాంక్‌లు. మన దగ్గర ఎక్కువ ఇళ్లకు సరిపోయే పద్ధతి ఇది కాబట్టి దీన్నే తీసుకున్నాను.

## 1. కొనేముందు లెక్క

లెక్కలో అందరూ పొరబడేది ఒక్కచోటే. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ ఉందనుకోండి, 200 చదరపు అడుగులు. 10 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు ప్లాంక్ ఒక్కోటి 6.67 చదరపు అడుగులు. భాగిస్తే 30 వస్తుంది. 30 ప్లాంక్‌లు తెచ్చుకుంటారు, పైన ఇంకా గోడ మిగిలుండగానే అవి అయిపోతాయి.

పై ప్లాంక్ కింది దాని మీద కనీసం ఒకటింపావు అంగుళం ఎక్కాలి. అంటే బయటికి కనబడేది 6.75 అంగుళాలే. గోడ ఎత్తు 120 అంగుళాలు. మొదటి వరస 8 అంగుళాలు తీసుకుంటే మిగిలేది 112. దాన్ని 6.75తో భాగిస్తే 16.6. కాబట్టి ఇంకో 17 వరసలు పడతాయి. మొత్తం 18 వరసలు, వరసకు రెండు చొప్పున 36 ప్లాంక్‌లు. విరిగేవి, కోతలో పోయేవి కలిపి పది శాతం వేసుకుంటే 40.

ఇక్కడే ఇంకో పని చేసేయండి. 112ని సరిగ్గా 17తో భాగిస్తే దాదాపు 6.6 అంగుళాలు. ప్రతి వరసా 6.6 కనబడేలా వేస్తే పైవరసలో సన్నటి ముక్క మిగలకుండా అన్నీ సమానంగా వస్తాయి. ఎక్కింపు ఒకటింపావు నుంచి 1.4 అంగుళాలు అవుతుంది, మంచిదే. ఈ చిన్న భాగహారం ముందే చేయని ఇంటి ముందు నిలబడి పైకి చూస్తే పారాపెట్ కింద మూడంగుళాల పట్టీ వెక్కిరిస్తూ కనిపిస్తుంది.

షాపులో చూసుకోవాల్సినవి:

- ఫైబర్ సిమెంట్ ఫ్లాట్ షీట్లకు ఐఎస్ 14862 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో ఎండావానా తట్టుకోవాల్సిన షీటు టైప్ ఎ, లోపలి పనులకు టైప్ బి. తీసుకుంటున్న సరుకు బయటి వాడకానికేనని కాగితం మీద ఉండాలి.
- ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే నార) లేదన్న మాట కూడా కాగితం మీదే కావాలి, నోటిమాట చాలదు.
- ఒకే బ్యాచ్ సరుకు తీసుకోండి. బ్యాచ్ మారితే మందంలో, పొడవులో కొద్ది తేడా రావచ్చు.
- కంపెనీ బిగింపు మాన్యువల్ అడిగి తీసుకోండి. స్క్రూల దూరం, ఎక్కింపు విషయంలో అందులో ఉన్నది ఇక్కడున్న దానికి భిన్నంగా ఉంటే అదే పాటించండి. వారంటీ దాన్నిబట్టే ఉంటుంది.

ఇంటికొచ్చిన ప్లాంక్‌లను నేలమీద పెట్టొద్దు. సమానమైన దిమ్మెలు వరసగా వేసి వాటిమీద పడుకోబెట్టి టార్పాలిన్ కప్పండి. గోడకు ఆనించి నిలబెడితే వంగిపోతాయి. ఎత్తేటప్పుడు మాత్రం అంచు మీద నిలబెట్టి ఇద్దరు మోయాలి. పడుకోబెట్టి మోస్తే మధ్యలో చిట్లుతుంది. తడిసిన ప్లాంక్ ఆరేదాకా బిగించకూడదు. తడిమీద బిగిస్తే ఆరాక కుంచించుకుపోయి జాయింట్ తెరుచుకుంటుంది.

## 2. గోడను సిద్ధం చేయడం

చెమ్మ ఉన్న గోడను క్లాడింగ్‌తో కప్పేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కప్పితే చెమ్మ పోదు, కంటికి కనబడకుండా పెరుగుతుంది. బాత్రూమ్ పైపు లీకైనా, పారాపెట్ పగులైనా, సజ్జ మీద నీరు నిలిచినా ముందు దాన్ని బాగుచేయండి. తర్వాత గోడ మీద పైపుతో నీళ్లు కొట్టి లోపలి వైపు చూడండి.

పగుళ్లు పూడ్చి, ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరాక, బయటి గోడలకు వాడే వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు చేతులు వేయించండి. ప్లాంక్‌ల వెనక ఎవరు చూస్తారని మేస్త్రీ అంటాడు. అసలు వాన నుంచి ఇంటిని కాపాడేది ఈ కోటింగే.

ఈ దశలోనే తేల్చుకోవాల్సినవి:

- ఏసీ అవుట్‌డోర్ యూనిట్, గీజర్ పైపులు, సీసీ కెమెరాలు, ఎలివేషన్ లైట్లు ఎక్కడెక్కడ వస్తాయి
- వాన నీటి పైపు ప్లాంక్‌ల మీదికా, లోపలికా (మీదికే మేలు, లోపల లీకైతే తెలియదు)
- బరువు వేలాడే ప్రతిచోటా అదనపు ఫ్రేమ్ ట్యూబు
- దిష్టి గుమ్మడికాయ కొక్కెం కూడా ఇప్పుడే. గృహప్రవేశం రోజు ఎవరో ఒకరు మేకు పట్టుకుని ప్లాంక్ మీదికి వెళ్తారు

ఏసీ బ్రాకెట్ ప్లాంక్‌కి ఎప్పుడూ బిగించకూడదు. దాని బోల్టు గోడలోకి గానీ ఫ్రేమ్‌కి గానీ వెళ్లాలి.

## 3. ఫ్రేమ్

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా లాభం లేదు.

ట్యూబు. 50 × 25 మి.మీ. జీఐ ట్యూబు, 1.5 నుంచి 2 మి.మీ. మందం చాలా ఇళ్లకు సరిపోతుంది. 50 మి.మీ. ముఖం బయటికి ఉండాలి, ఎందుకంటే జాయింట్ దగ్గర రెండు ప్లాంక్‌ల చివరలూ దానిమీదే కూర్చోవాలి. ఫాల్స్ సీలింగ్‌కి వాడే పలచటి చానల్ బయట వద్దు. స్క్రూ పట్టు ఉండదు, గాలికి ఊగుతుంది. చెక్క రీపర్లు వేస్తే ప్లాంక్‌ని చెదలు తినకపోయినా రీపర్‌ని తింటుంది.

దిశ. ప్లాంక్‌లు అడ్డంగా వస్తాయి కాబట్టి ట్యూబులు నిలువుగా ఉండాలి. ఫ్యాబ్రికేటర్లు అలవాటుకొద్దీ నిలువూ అడ్డమూ కలిపి గ్రిల్‌లా వెల్డింగ్ చేసేస్తారు. గోడకు ఆనుకున్న ప్రతి అడ్డ ట్యూబూ కిందికి జారే నీటికి ఆనకట్టే. అడ్డ ట్యూబులు వద్దని ముందే గట్టిగా చెప్పండి.

దూరం. 10 అడుగుల ప్లాంక్ అయితే ట్యూబులు 15 అంగుళాల దూరంలో పెట్టండి. 5 అడుగులకూ 10 అడుగులకూ రెండు చోట్లా కచ్చితంగా ట్యూబు వస్తుంది. వరస మార్చి వరస జాయింట్లు 5 అడుగులు జరిపి వేసినా అన్నీ ట్యూబు మీదే పడతాయి. 20 అడుగుల గోడకు 17 ట్యూబులు. అదే 12 అడుగుల ప్లాంక్ అయితే 16 అంగుళాల దూరం పెట్టి, జాయింట్లను 4 అడుగులు జరపండి. 15కి బదులు 24 పెడితే ట్యూబు ఖర్చు తగ్గుతుందని సలహా ఇస్తారు. ఆ డబ్బు ప్లాంక్ ఊగినప్పుడు గుర్తొస్తుంది. మార్కింగ్‌కి ముందు ప్లాంక్ అసలు పొడవు టేపుతో కొలవండి. 10 అడుగులని చెప్పినది 3000 మి.మీ. ఉంటే లెక్కలో రెండంగుళాలు తేడా వస్తుంది.

పట్టు. ట్యూబుకి సుమారు ప్రతి 2 అడుగులకు ఒక క్లాంపు. ఎర్ర ఇటుక గోడలో రంధ్రం ఇటుకలో వేయాలి, ఇటుకల మధ్య సిమెంటులో కాదు. ఏఏసీ బ్లాకు, అంటే మనం లైట్‌వెయిట్ ఇటుక అనేది మెత్తన. మామూలు ఎక్స్‌పాన్షన్ బోల్టు బిగించే కొద్దీ అందులో వదులవుతుంది. పొడవాటి నైలాన్ ఫ్రేమ్ ప్లగ్గులు గానీ కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి అతికించే బోల్టు) గానీ వాడి, వీలున్నచోటల్లా పిల్లర్లకూ బీములకూ కూడా పట్టు ఇవ్వండి. రంధ్రం వేసిన ప్రతిచోటా ముందు వేసిన కోటింగ్ పోతుంది. బోల్టు పెట్టేముందు రంధ్రం నోట్లో సీలెంట్ (సందులు మూసే జిగురు పేస్టు) నింపండి.

వెల్డింగ్. వెల్డ్ చేసినచోట జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. మసి బ్రష్‌తో గీకి జింక్ రిచ్ పెయింట్ రెండుసార్లు కొట్టాలి.

సమతలం. రెండు చివరల ట్యూబులు గుండుతో నిలువు చూసుకుని బిగించి, వాటి మధ్య దారం లాగండి. మధ్య ట్యూబులన్నీ దారానికి తగలాలి, దాన్ని నెట్టకూడదు. ప్లాస్టరింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే క్లాంపు దగ్గర ముందుకూ వెనక్కూ సర్దండి. ఇక్కడ వదిలేసిన వంకర సాయంత్రపు ఏటవాలు ఎండలో రోడ్డు మీదకు కనిపిస్తుంది.

తీరం ఊళ్లలో గాలిని తేలిగ్గా తీసుకోవద్దు. ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్‌కి తీసుకునే ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్నిబట్టి (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్నిబట్టి) పెరుగుతుంది కాబట్టి ఈ తేడాకే ఒత్తిడి దాదాపు 30 శాతం ఎక్కువవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. తీరంలో ట్యూబుల దూరం తగ్గించి, గోడ మూలల దగ్గర క్లాంపులు పెంచండి. రెండంతస్తులు దాటితే స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఒకసారి చూపించుకోవడం మంచిది.

## 4. నీటికి దారి

ట్యూబు 25 మి.మీ. కాబట్టి గోడకూ ప్లాంక్‌కూ మధ్య ఒక అంగుళం ఖాళీ వచ్చింది. దీని కింది నోరు, పై నోరు తెరిచే ఉండాలి.

- కింద: ట్యూబుల మధ్య స్టెయిన్‌లెస్ జాలి. నీరు పోవాలి, కందిరీగలూ బల్లులూ రాకూడదు.
- మట్టి నుంచి మొదటి ప్లాంక్ అంచు కనీసం 6 అంగుళాల పైన. టైల్స్, పోర్టికో, సజ్జ మీదైతే 2 అంగుళాలు.
- పైన: శ్లాబు కింద ఆగితే 10 మి.మీ. సందు. పారాపెట్ దాకా వెళ్తే దానిమీద రేకు టోపీ, గాలి ఆడేలా.
- కిటికీ, తలుపు నెత్తిన: జడ్ ఆకారపు రేకు ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే వంచిన రేకు). దాని వెనక అంచు గోడ కోటింగ్‌లోకి సీలెంట్‌తో అతకాలి. దానికీ పైన వచ్చే ప్లాంక్‌కీ మధ్య 6 మి.మీ. సందు వదలాలి.

రంగు వేయని అల్యూమినియం రేకును సిమెంటు తడి తినేస్తుంది. కోటింగ్ ఉన్నదే తీసుకోండి, లేదంటే జీఐ.

కింది సందునూ కిటికీ మీది సందునూ పని ముగిశాక ఎవరో ఒకరు నీట్‌గా కనబడాలని సీలెంట్‌తో మూసేస్తారు. మొత్తం పనిలో ఇంతకు మించిన తప్పు లేదు. మూసేస్తే వెనక చేరిన నీటికి లోపలి గోడ తప్ప వేరే దారి ఉండదు.

ప్లాంక్ ఎక్కించేముందు మీరే చూడాల్సినవి, ఫోటోలు తీసుకుని ఉంచుకోవాల్సినవి:

- గోడ కోటింగ్ పూర్తయిందా
- వెల్డింగ్ చోట్లన్నీ పెయింట్ పడిందా
- కదిపితే ఏ ట్యూబైనా ఊగుతోందా
- వైరింగ్ పైపులు లాగేశారా
- ఫ్లాషింగ్, జాలి బిగించారా

పని చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటే పనివాళ్లకు ఫ్లాషింగ్ మీద పైసా రాదు. దానికి విడిగా రేటు ఒప్పుకోండి, అప్పుడే అది జరుగుతుంది.

## 5. కోత, దుమ్ము

ఈ ప్లాంక్‌లో సిలికా ఉంటుంది. గ్రైండర్‌తో పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌కి దారితీస్తుంది, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ముక్కుకు తువాలు చుట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు.

- కోసేవాళ్లకే కాదు, పట్టుకునేవాళ్లకూ ఎన్95 మాస్కు, కళ్లద్దాలు
- కోత ఆరుబయట, గాలి మనవైపు నుంచి అవతలికి వీచేలా నిలబడి
- నేరుగా ఉండే కోతలకు కార్బైడ్ కత్తితో రెండుమూడుసార్లు గట్టిగా గీసి, గీత మీద విరవడం. దుమ్ము దాదాపు ఉండదు
- యంత్రమైతే ఫైబర్ సిమెంట్‌కి చేసిన తక్కువ పళ్ల డైమండ్ బ్లేడు, దుమ్ము లాగే వ్యాక్యూమ్‌తో
- నీటితో కోస్తే అందుకోసం చేసిన యంత్రమే వాడాలి, లైనులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాలి. ముక్క ఆరాకే బిగించాలి
- పొడి చీపురుతో ఊడవొద్దు, నీళ్లు చల్లి ఎత్తండి

కోసిన ప్రతి అంచుకూ వెంటనే ప్రైమర్ రాయాలి. బిగించాక రాద్దామంటే బ్రష్ పట్టదు. కోత బల్ల మీదే ఒక డబ్బా, ఒక బ్రష్ పెట్టించండి.

పాత సిమెంటు రేకులు తీసేసి ఈ పని చేస్తుంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుందనే అనుకోండి. వాటిని కోయొద్దు, పగలగొట్టొద్దు. తడిపి, స్క్రూలు విప్పి, ముక్క కాకుండా దించండి.

## 6. ప్లాంక్ బిగింపు, వరసగా

ముందు మూలలు. బయటి మూలలకూ కిటికీల పక్కలకూ ట్రిమ్‌లు (అంచులను కప్పే పట్టీలు) బిగించేయండి. ప్లాంక్‌లు వాటి మధ్యలోకి వస్తాయి.

మట్టం గీత. మొదటి ప్లాంక్ కింది అంచు గీతను ఇల్లంతా లేజర్‌తో గానీ నీళ్ల ట్యూబుతో గానీ గీయండి. నేలను చూసి గీస్తే వాలు వచ్చేస్తుంది. మొదటి వరసలో అర సెంటీమీటరు తేడా ఉంటే 18వ వరస దాకా అది వెంటాడుతుంది.

స్టార్టర్ పట్టీ. అదే ప్లాంక్ నుంచి ఒకటిన్నర అంగుళం పట్టీ కోసి గీత మీద ట్యూబులకు బిగించండి. పై వరసలు కింది ప్లాంక్ మీద ఎక్కి కొంచెం వాలుగా ఉంటాయి. ఈ పట్టీ లేకపోతే మొదటి వరస ఒక్కటే లోపలికి తిరిగి కనిపిస్తుంది.

స్క్రూ. ప్లాంక్ పై అంచు నుంచి ఒక అంగుళం కింద, ప్రతి ట్యూబు మీదా ఒకటి. పై ప్లాంక్ దాన్ని కప్పేస్తుంది. రెక్కలున్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ అయితే ప్లాంక్‌లో రంధ్రం కాస్త పెద్దదిగా చేసుకుని ఇనుముకు తగలగానే రెక్కలు విరుగుతాయి. చివరి అంచుకు 12 మి.మీ. కంటే దగ్గర వేయొద్దు, అంచుల దగ్గర ముందు డ్రిల్ చేయండి. స్క్రూ తల ప్లాంక్‌తో సమానంగా ఆగాలి. లోపలికి దిగిపోతే పట్టు పోయినట్టే.

తీరప్రాంతంలో, పెనుగాలి తగిలే మూలల్లో ఈ దాపు స్క్రూ ఒక్కటే చాలదు. కింది అంచు దగ్గర బయటికి కనబడేలా బిగించే పద్ధతి కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, అక్కడ అందానికి పోవద్దు.

హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే నల్ల జిప్సమ్ స్క్రూలు బయట వాడితే తుప్పు చారలు ఖాయం. స్టెయిన్‌లెస్‌లో 304 గ్రేడు, సముద్రం పక్కనైతే 316.

గేజి చెక్క. 6.6 అంగుళాలు కొలిచి ఒక చెక్క ముక్క చేసుకుని ప్రతి వరసకూ దాన్నే ఆనించండి. నాలుగైదు వరసలకోసారి రసమట్టంతో, దారంతో సరిచూడండి. చిన్న తేడా అయితే తర్వాతి మూడు వరసల్లో పంచేయొచ్చు, ఒకే వరసలో సరిచేస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

జాయింట్. రెండు ప్లాంక్‌లు కలిసే ప్రతి చోటా వెనక 6 అంగుళాల వెడల్పు రేకు ముక్క పెట్టండి. దాని కింది అంచు కింది ప్లాంక్ మీదికి రావాలి. సందులోంచి వెళ్లిన నీరు దానిమీద జారి మళ్లీ బయటికే వస్తుంది.

## 7. సీలెంట్

ప్లాంక్ చివర మూల ట్రిమ్‌నూ కిటికీ ట్రిమ్‌నూ కలిసేచోట 3 మి.మీ. సందు వదిలి, పెయింట్ పట్టే పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ నింపండి. సిలికాన్ మీద పెయింట్ నిలవదు. రెండు ప్లాంక్‌ల మధ్య అడ్డంగా వచ్చే ఎక్కింపు సందులో సీలెంట్ అసలు వద్దు.

## 8. పెయింట్

సిమెంటు క్షారం తట్టుకునే ప్రైమర్ ఒకటి, బయటి గోడల యాక్రిలిక్ ఎమల్షన్ రెండు చేతులు. ప్లాంక్ కింది అంచును మర్చిపోతారు, నీరు చివరగా నిలిచేది అక్కడే. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న ప్లాంక్ మీద వేస్తే పెయింట్ పట్టకముందే ఆరిపోయి తర్వాత పొట్టు లేస్తుంది. పొద్దున నీడ ఉన్న వైపు, సాయంత్రం రెండోవైపు వేయండి.

ముహూర్తం దగ్గరపడిందని ఆరని ప్రైమర్ మీద పెయింట్ కొట్టించే టెన్షన్ ప్రతి ఇంట్లో ఉంటుంది. ముందు వైపు ఒక్కటి పూర్తి చేసి, మిగిలినవి గృహప్రవేశం అయ్యాక చేయించుకున్నా ఎవరూ ఏమనుకోరు.

## 9. అమెరికాలో ఇల్లున్నవాళ్లకు

అక్కడ చెక్క ఫ్రేమ్, దానిమీద షీతింగ్ (చెక్క షీట్ల పొర), దానిమీద హౌస్ ర్యాప్ (నీటిని ఆపే పలచటి పొర) ఉంటాయి కాబట్టి పైన చెప్పిన 3వ భాగం వర్తించదు. ర్యాప్ పై పొర కింది పొర మీదికి వచ్చిందా, మేకులు స్టడ్‌లలోకి (ఫ్రేమ్ నిలువు చెక్కల్లోకి) దిగాయా అన్నవి చూసుకోండి. మట్టికి 6 అంగుళాలు, పైకప్పు కలిసేచోట 2 అంగుళాల ఖాళీ నియమం అక్కడ కూడా సాధారణమే. గోడకు చేరిన పైకప్పు చివర నీటిని గట్టర్‌లోకి మళ్లించే కిక్‌అవుట్ ఫ్లాషింగ్ లేకపోతే షీతింగ్ లోపలే కుళ్లుతుంది.

## 10. వచ్చే సమస్యలు, చేయాల్సినవి

తుప్పు చారలు. ఆ స్క్రూ తీసి, అదే రంధ్రానికి కాస్త పక్కన స్టెయిన్‌లెస్ స్క్రూ వేసి, పాత రంధ్రం పూడ్చి పెయింట్ వేయండి. చార మీద పెయింట్ కొడితే మళ్లీ వస్తుంది.

గాలికి టపటప చప్పుడు. స్క్రూ ట్యూబుకి తగల్లేదు, లేదా లోపలికి దిగిపోయింది. ఆ ట్యూబు మీదే, కింది అంచు దగ్గర ముందు డ్రిల్ చేసి ఒక స్క్రూ వేయండి.

ప్లాంక్ వెనక నుంచి కారిన తెల్లటి చారలు. ఎక్కడో నీరు నిలుస్తోంది. ముందు కింది సందు మూసేశారేమో, సజ్జ మీద 2 అంగుళాల ఖాళీ ఉందో లేదో చూడండి.

సీలెంట్ చీలడం. సందు మరీ సన్నగా ఉండి ఉంటుంది, లేదా దుమ్ము మీదే నింపారు. మొత్తం గీకేసి, తుడిచి మళ్లీ నింపాలి. పైపైన పూస్తే నిలవదు.

ఒక ప్లాంక్ చిట్లడం. పైవన్నీ విప్పక్కర్లేదు. చిట్లినదాన్ని మధ్యలో పొడవుగా కోసి కింది సగం తీసేయండి. పై ప్లాంక్ కింది అంచును సన్నటి చీలికలతో కొంచెం ఎత్తి, లోపలి స్క్రూలను హ్యాక్సా బ్లేడుతో కోసి మిగతా సగం లాగేయండి. కొత్తది కింద నుంచి పైకి తోసి కింది అంచు దగ్గర బయటినుంచే స్క్రూలు బిగించండి. అందుకే మిగిలిన ప్లాంక్‌లు ఎవరికీ ఇచ్చేయకుండా నాలుగైదు మేడ మీద గదిలో, పడుకోబెట్టి దాచుకోండి.